అంతా తెలుసుననుకున్న చోట మొదలయ్యే ఎడం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 52 ఏళ్లు, మీవారికి 57. పెళ్లయి 27 ఏళ్లు. చిన్నవాడు కూడా ఉద్యోగానికి వెళ్లిపోయి ఏడాది దాటింది. ఇంట్లో గొడవలు లేవు, తాగుడు లేదు, మూడో మనిషి ఉన్నారన్న అనుమానమూ లేదు. అయినా రోజు మొత్తంలో మీ ఇద్దరి మధ్య నడిచే మాటలు బిల్లులు, మందులు, పిల్లల ఫోన్లు దాటి పోవడం లేదు. గురక కారణంగా రెండేళ్ల కిందట వేరు గదుల్లో పడుకోవడం మొదలుపెట్టారు, తాత్కాలికమనుకున్న ఆ ఏర్పాటు అలాగే స్థిరపడిపోయింది. ఒక రాత్రి మీరు ఏడుస్తూ "మనం కూర్చుని మాట్లాడుకోవాలి" అంటే ఆయన చెప్పులు తొడుక్కుని నడకకు వెళ్లిపోయారు. ఈ వయసులో ఇది సహజమేనా, మా కాపురం అయిపోయినట్టేనా, నేనొక్కదాన్నే ప్రయత్నిస్తే ఏమైనా ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. చివరగా, రాసినదంతా ఆయనకు చూపించమంటారా అని కూడా.

నేను 22 ఏళ్లుగా దంపతులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా పెళ్లికి 31 ఏళ్లు నిండాయి. ఈ రెండు అనుభవాల నుంచీ చెబుతున్నాను. మీరు రాసిన దానిలో నా దృష్టి రెండు వాక్యాల దగ్గర ఆగింది. మొదటిది: "ఆయన ఏమనుకుంటారో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, 27 ఏళ్లలో అంతా తెలిసిపోయింది." రెండోది మీరు కుండలీకరణాల్లో పెట్టి, దాదాపు క్షమాపణ చెబుతున్నట్టుగా రాసిన వాక్యం: "మా నాన్న పోయిన మూడో రోజే ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు, అదంతా పాత సంగతి లెండి." మిగతా ఉత్తరమంతా ఈ రెండు వాక్యాల మధ్యే ఉందని నా అభిప్రాయం. వాటి దగ్గరికి వస్తాను. ముందుగా మీ మొదటి ప్రశ్న.

నడివయసు దాటుతున్న దంపతుల మధ్య ఎడం ఏర్పడటం చాలా మామూలు విషయమే, కానీ అది వయసుతో పాటు తప్పనిసరిగా వచ్చేది కాదు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ లెవెన్‌సన్, లారా కార్‌స్టెన్‌సన్, జాన్ గాట్‌మన్ కలిసి 156 జంటలను పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో నలభైల్లో ఉన్న దంపతులనూ, అరవైల్లో ఉన్న దంపతులనూ పోల్చి చూశారు. అందరివీ సుదీర్ఘమైన కాపురాలే. పెద్ద వయసు జంటల మధ్య తగవులకు దారితీసే విషయాలు తక్కువగా, పిల్లలతో సహా అనేక విషయాల్లో కలిసి పొందే సంతోషం ఎక్కువగా కనిపించింది. అంటే వయసు దానంతట అదే దాంపత్యాన్ని ఎండగట్టదు. మరోవైపు, అమెరికాలో సూసన్ బ్రౌన్, ఐ-ఫెన్ లిన్ 2012లో ప్రచురించిన లెక్కల ప్రకారం 1990కీ 2010కీ మధ్య 50 ఏళ్లు దాటిన వారిలో విడాకుల రేటు రెట్టింపయింది. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, మీరున్న వయసు దారి చీలే చోటని అర్థమవుతుంది. కొందరు ఇక్కడి నుంచి మరింత దగ్గరవుతారు, మరికొందరు ఎప్పుడు విడిపోయారో తమకే తెలియనంత నెమ్మదిగా విడిపోతారు.

గొడవల్లేకపోవడాన్ని మీరు ఒక ఊరటగా రాశారు. దాన్ని కాస్త సందేహించమని కోరుతున్నాను. గాట్‌మన్, లెవెన్‌సన్ 79 జంటలను 14 ఏళ్ల పాటు వెంబడించి 2000లో ప్రచురించిన ఫలితాల్లో, పెళ్లయిన తొలి సంవత్సరాల్లో విడిపోయిన వారిని ముందుగా పట్టిచ్చింది వాళ్ల కోపతాపాలు, ఈసడింపులు. చాలా ఏళ్ల తర్వాత విడిపోయిన వారి విషయంలో అలా కాదు. వాళ్ల సంభాషణల్లో కోపం పెద్దగా లేదు, అయితే నవ్వు, ఆసక్తి, ఆప్యాయత కూడా లేవు. నా గదిలోకి వచ్చే జంటల్లో అరుచుకునే వారిని చూసి నేను అంతగా కంగారు పడను, ఎందుకంటే అరిచే మనిషి ఎదుటి మనిషి నుంచి ఇంకా ఏదో ఆశిస్తున్నట్టే లెక్క. ఒకరినొకరు అతిమర్యాదగా సంబోధించుకుంటూ, కుర్చీలు కాస్త ఎడంగా జరుపుకుని, "మా మధ్య సమస్యలేం లేవండీ" అనే వారి దగ్గరే ఎక్కువసేపు ఆలోచించవలసి వస్తుంది.

ఎడం ఎలా వచ్చిందన్నది మీ విషయంలో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పాతికేళ్ల పాటు మీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది పిల్లల మీదుగా. వాడి పరీక్షలు, దీని జ్వరం, ఎవరు ఎక్కడ దించాలి, ఎవరు ఎప్పుడు తీసుకురావాలి. ఆ మాటలన్నీ పనుల గురించినవే అయినా వాటి అడుగున ఒకరి మీద ఒకరికి ఆధారం, నమ్మకం, కలిసి ఒక బరువు మోస్తున్నామన్న తృప్తి ఉండేవి. ఇప్పుడు బరువు దిగిపోయింది, దానితో పాటు మాట్లాడుకోవడానికి ఉన్న కారణమూ పోయింది. అయితే పిల్లలు వెళ్లిపోవడం వల్లే ఇల్లు బోసిపోతుందన్న మాటను పూర్తిగా ఒప్పుకోను. కొందరు మహిళలను 18 ఏళ్ల పాటు అనుసరించి 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, పిల్లలు ఇల్లు విడిచాక దాంపత్య సంతృప్తి పెరిగినట్టు తేలింది. అందుకు కారణం భర్తతో గడిపే సమయం ఎక్కువ కావడం కాదు, గడిపిన సమయం ఎక్కువ ఆనందంగా ఉండటం. గంటల లెక్క ముఖ్యమైతే మీ ఇద్దరూ ఇప్పటికే ధనవంతులు: సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఒకే ఇంట్లో ఉంటున్నారు.

ఇప్పుడు మీ మొదటి వాక్యానికి వస్తాను, "అంతా తెలిసిపోయింది" అన్న దానికి. బెంజమిన్ షైబెహెన్నె, రుయ్ మాటా, పీటర్ టాడ్ 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో దంపతులను తమ జీవిత భాగస్వామి ఇష్టాయిష్టాలను ఊహించమన్నారు. సగటున రెండేళ్లుగా కలిసి ఉంటున్న చిన్నవాళ్ల కంటే 40 ఏళ్లకు పైగా కలిసి ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ తప్పులు చెప్పారు. అదే సమయంలో తాము సరిగ్గానే చెప్పగలమన్న ధీమా మాత్రం పెద్దవాళ్లలోనే ఎక్కువ. అంతకు ముందే 1997లో విలియం స్వాన్, మైకేల్ గిల్ ఇలాంటిదే మరో విషయం గమనించారు: బంధం వయసు పెరిగే కొద్దీ ఎదుటి మనిషి తెలుసునన్న నమ్మకం పెరుగుతుంది కానీ ఆ తెలియడంలోని కచ్చితత్వం దాంతో పాటు పెరగదు. ఇందులో వింతేమీ లేదు. కొత్తలో మనం అడుగుతాం, గమనిస్తాం, తప్పు చేస్తే దిద్దుకుంటాం. పదేళ్లకు ఎదుటి మనిషి గురించిన ఒక పటం మనసులో తయారవుతుంది, అటు తర్వాత మనిషిని చూడటం మానేసి పటాన్ని చూడటం మొదలుపెడతాం. మనిషి మాత్రం మారుతూనే ఉంటాడు. 57 ఏళ్ల మనిషికి పదవీ విరమణ కనుచూపు మేరలో ఉంటుంది, వెంట చదివిన వారిలో ఒకరిద్దరు ఈపాటికి పోయి ఉంటారు, తాను కావాలనుకుని కాలేకపోయినవి లెక్కకు వస్తుంటాయి. ఆయన ఈ విషయాల్లో ఏమనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. ఇది తప్పు పట్టడం కాదు. మీ గురించి ఆయన్ని రాయమన్నా ఆ కాగితంలోనూ ఇంతే ఖాళీ ఉంటుందని నాకు దాదాపు నమ్మకం.

నా సొంత ఇంటి సంగతి ఒకటి చెబుతాను, చిన్నదే. కారులో వెళ్లేటప్పుడు మావారు ఎప్పుడూ పాత పాటలు పెట్టేవారు. నాకు ఆ పాటలంటే పెద్ద ఇష్టం లేదు, కానీ ఆయనకిష్టం కదా అని ఊరుకునేదాన్ని. పదకొండేళ్ల తర్వాత ఒక రోజు పాటలు పెట్టే ఆ యంత్రం చెడిపోయింది. "హమ్మయ్య" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. నాకిష్టమని ఆయన పెడుతున్నారు, ఆయనకిష్టమని నేను వింటున్నాను. ఇతరుల కాపురాలు చక్కదిద్దడమే వృత్తిగా పెట్టుకున్న మనిషినై ఉండి పదకొండేళ్లు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే మీకు అంతా తెలుసంటే నేను నమ్మను.

అయితే ఏదైనా అడగడానికి ముందు ఒక పని ఉంది, దాన్ని చాలామంది సలహాదారులు మర్చిపోతారు. మనసు గురించి తీర్పులు చెప్పే ముందు శరీరం సంగతి తేల్చుకోవాలి. యాభైల్లో దూరంలా కనిపించేవి చాలావరకు దేహానికి సంబంధించినవై ఉంటాయి. మీ వైపు నుంచి చూస్తే, మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) సాధారణంగా 45, 55 ఏళ్ల మధ్య వస్తుంది, దానికి ముందు కొన్నేళ్లు నిద్ర చెదిరిపోవడం, ఒంట్లో ఆవిర్లు, చిరాకు, దిగులు ఉండవచ్చు. యోని పొడిబారడం వల్ల కలయిక నొప్పిగా మారుతుంది. నొప్పి అని చెప్పడానికి మొహమాటపడి దగ్గరికి రావడమే తప్పించుకునే స్త్రీలు ఎందరో, దాన్ని తిరస్కారంగా అర్థం చేసుకుని ముడుచుకుపోయే భర్తలూ అందరే. దీనికి సులభమైన చికిత్స ఉంది, స్త్రీల వైద్య నిపుణురాలిని ఒక్కసారి అడిగితే చాలు. ఆయన వైపు చూస్తే, ఈ వయసులో అంగస్తంభన సమస్య రావడం అరుదు కాదు. మధుమేహం, రక్తపోటు, కొన్ని రకాల మందులు అందుకు కారణం కావచ్చు. అది గుండె రక్తనాళాల జబ్బుకు కొన్నేళ్ల ముందుగానే కనిపించే సూచన కూడా కావచ్చు కనుక సిగ్గుపడి దాచవలసింది కాదు. భార్యకు చెప్పలేక ముందుగానే వేరు గదికి వెళ్లిపోయిన మగవాళ్లను నేను చాలామందిని చూశాను.

గురక గురించి కూడా ఒక మాట. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండి ఉలిక్కిపడటం, పగలంతా మత్తుగా ఉండటం ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. చికిత్స లేకపోతే అది రక్తపోటునూ చిరాకునూ పెంచుతుంది, మనిషిని రోజంతా అలసటలో ఉంచుతుంది. వేరు గదుల్లో పడుకోవడం తప్పేమీ కాదు, కంటినిండా నిద్రపోయిన ఇద్దరు నిద్ర చాలని ఇద్దరి కంటే నయం. పొరపాటు ఎక్కడంటే, గదులు వేరైనప్పుడు పడుకునే ముందు చీకట్లో చెప్పుకునే ఆ పది నిమిషాల మాటలు కూడా పోయాయి, వాటి స్థానంలో మీరు ఏమీ పెట్టుకోలేదు. వినికిడి సంగతి కూడా చూడండి. ఆయన టీవీ శబ్దం పెంచుతున్నారా, వంటగదిలోంచి మీరు పిలిస్తే పలకడం లేదా? వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. మాట వినిపిస్తుంది కానీ స్పష్టంగా అందదు. "పట్టించుకోవడం లేదు" అని మీరు అనుకునే దానిలో కొంత భాగం "వినపడటం లేదు" కావడానికి అవకాశం ఉంది. డిప్రెషన్ కూడా మగవాళ్లలో చాలాసార్లు ఏడుపుగా బయటపడదు. మాటలు తగ్గిపోవడంగా, విసుగుగా, ఇదివరకు ఇష్టపడినవి వదిలేయడంగా కనిపిస్తుంది. కొద్ది నెలల్లోనే మనిషి స్వభావం పూర్తిగా మారిపోయి, ఎవరి బాధకూ చలించనట్టుగా, మునుపు ఎన్నడూ చేయని అనుచితమైన పనులు చేస్తున్నట్టుగా ఉంటే మాత్రం నరాల వైద్యుడికి చూపించండి. 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలయ్యే ఒక రకం డిమెన్షియా (మెదడు శక్తులు క్షీణించే జబ్బు) ఇలాగే బయటపడుతుంది. మీరు చెప్పిన లక్షణాలు అటువైపు చూపడం లేదు, దూరం చాలా ఏళ్లుగా నెమ్మదిగా వచ్చింది. కానీ తెలిసి ఉండటం మంచిది.

ఇక ఆ రాత్రి సంగతి. మీరు ఏడుస్తూ మాట్లాడుకుందామన్నారు, ఆయన బయటికి నడిచారు. ఒకరు వెంటపడటం, మరొకరు తప్పుకోవడం, తప్పుకున్న కొద్దీ మరింత వెంటపడటం, వెంటపడిన కొద్దీ మరింత తప్పుకోవడం: ఈ చక్రాన్ని ఆండ్రూ క్రిస్టెన్‌సెన్ వంటి పరిశోధకులు 1990 ప్రాంతం నుంచే విస్తృతంగా అధ్యయనం చేశారు. ఇందులో ఇద్దరికీ తమ వైపు నుంచి చూస్తే న్యాయం తమదే. ఆయన మాట్లాడరు కనుక నేను అడుగుతున్నానని మీరంటారు, ఆమె అడుగుతుంది కనుక నేను తప్పుకుంటున్నానని ఆయనంటారు. "మనం మాట్లాడుకోవాలి" అనే వాక్యం చాలామంది మగవాళ్ల చెవికి పిలుపులా వినిపించదు, విచారణకు హాజరు కమ్మన్న తాఖీదులా వినిపిస్తుంది. తగవు సమయంలో గుండె వేగం నిమిషానికి 100 దాటితే మనిషి వినగలిగే స్థితిలో ఉండడని, తేరుకోవడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుందని గాట్‌మన్ అంటారు. ఆ రాత్రి ఆయన నడకకు వెళ్లడం మిమ్మల్ని వదిలి పోవడంలా మీకు తోచింది. ఆయనకు బహుశా అది ఊపిరి తీసుకోవడం. తిరిగి వచ్చాక "ఇందాక నువ్వేదో అన్నావు" అని అడగకపోవడం మాత్రం ఆయన లోపమే, దాన్ని నేను సమర్థించను.

కాబట్టి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమనే ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టండి. ఆయన ఎలాగూ రోజూ నడుస్తారు కదా, మీరూ చెప్పులు తొడుక్కోండి. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్లలోకి చూడనక్కర్లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఇబ్బంది ఉండదు, మౌనం కూడా మౌనంలా ఉండదు, నడకలా ఉంటుంది. మొదటి వారం ఏ విషయమూ ఎత్తకండి, పిల్లల విషయం కూడా. రెండో వారంలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి, జవాబు మీకు నిజంగా తెలియనిది. "ఏం ఆలోచిస్తున్నారు" అని అడిగితే "ఏం లేదు" అనే వస్తుంది, ఎవరికైనా. "ఉద్యోగం అయిపోయాక మొదటి సోమవారం పొద్దున్న లేచి ఏం చేస్తారు?" అని అడగండి. "మీ నాన్నగారు నా వయసులో ఎలా ఉండేవారు?" "ఇన్నేళ్లలో ఏ ఏడాదిని మళ్లీ బతకమంటే బతుకుతారు?" ఇవి ఉదాహరణలు మాత్రమే, మీ ప్రశ్నలు మీరే తయారు చేసుకోవాలి. ఒక్క నియమం పాటించండి: ఆయన జవాబు చెప్పాక దాన్ని సరిదిద్దకండి. "అదేంటి, ఆ ఏడాది మీరు రోజూ విసుక్కునేవారు కదా" అన్నారంటే ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి నెలలు పడుతుంది.

దీనికంటే చిన్నవి, దీనికంటే ముఖ్యమైనవి మరికొన్ని ఉన్నాయి. మనుషులు రోజంతా ఒకరి ధ్యాసను ఒకరు కోరుతూ చిన్న చిన్న పిలుపులు విసురుతుంటారు. "ఇది చూశావా", "ఎంత వాన", ఒక నిట్టూర్పు, పేపర్లోంచి చదివి వినిపించే ఒక వాక్యం. కొత్తగా పెళ్లయిన జంటల్లో ఆరేళ్ల తర్వాత కూడా కలిసే ఉన్నవారు ఇలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించారని, విడిపోయినవారు 33 సార్లే స్పందించారని గాట్‌మన్ తన ప్రయోగశాలలోని పరిశీలనల నుంచి చెప్పారు. మీ ఉత్తరంలోనే దీనికి ఉదాహరణ ఉంది, మీరు గమనించినట్టు లేదు. ఆయన ఆదివారాలు పాత రేడియో విప్పి బాగుచేస్తూ కూర్చుంటారని, "చూడు, పలుకుతోంది" అని పిలుస్తారని, "ఆ చెత్తతోనే ఆయన లోకం" అని రాశారు. అది పిలుపు. ఆయనకు చేతనైన భాషలో ఆయన పిలుస్తున్నారు. రేడియో మీద మీకు ఆసక్తి ఉండనక్కర్లేదు, కాసేపు దాని పక్కన కూర్చుంటే చాలు.

ఇప్పుడు మీరు కుండలీకరణాల్లో పెట్టిన వాక్యం. నా అనుభవంలో జనం బరువైన విషయాలను అలాంటి చోట్లే దాచిపెడతారు, లేదా నా గది తలుపు తీసి బయటికి వెళ్లబోతూ చెబుతారు. మీ నాన్నగారు పోయి పన్నెండేళ్లయింది. మూడో రోజు ఆయన ఆఫీసుకు వెళ్లారు. ఆ విషయం మీరు ఆయనతో ఎప్పుడైనా అన్నారో లేదో రాయలేదు, అనలేదనే నా అనుమానం. అత్యంత అవసరమైన ఘడియలో పక్కన ఉండవలసిన మనిషి లేకపోవడం వల్ల తగిలే దెబ్బను దాంపత్య చికిత్సలో పేరున్న సూ జాన్సన్ అనుబంధానికి తగిలిన గాయంగా పేర్కొన్నారు. అలాంటి గాయం కాలంతో పాటు మానదు. దాని మీద రోజువారీ జీవితం పేరుకుపోతుంది, అంతే. ఆ రోజు నుంచి మీరు లోలోపల ఒక నిర్ణయానికి వచ్చి ఉండవచ్చు, ఈ మనిషి మీద ఇక ఆనుకోకూడదని. ఆ నిర్ణయం తర్వాత మీరు కూడా తప్పుకోవడం మొదలుపెట్టి ఉంటారు, అయితే మీ తప్పుకోవడం మర్యాదగా, పనులన్నీ సవ్యంగా చేస్తూ సాగి ఉంటుంది కనుక ఎవరికీ కనిపించి ఉండదు. ఇద్దరిలో ఎవరు ముందు దూరమయ్యారన్న ప్రశ్నకు మీ ఉత్తరం చెప్పే జవాబూ, నాకు తోచే జవాబూ ఒకటి కావు. ఇది కటువుగా అనిపిస్తే క్షమించండి. ఆయన ఎందుకు వెళ్లారన్నది కూడా మీకు తెలియదు. తెలుసనుకుంటున్నారు. మరణం ఉన్న ఇంట్లో తనకేం పని చెప్పాలో ఎవరికీ తోచక, తానేం చేయాలో తనకూ తోచక, చేతనైన ఒక్క పని దగ్గరికి పారిపోయే మనుషులుంటారు. నిజంగా పట్టింపు లేని మనుషులూ ఉంటారు. మీవారు వీరిలో ఎవరో అడిగితేనే తెలుస్తుంది.

కలిసి కొత్త పనులు చేయండన్న సలహా మీకు ఎవరో ఇప్పటికే ఇచ్చి ఉంటారు. అది మంచి సలహానే. 2000లో ఆర్థర్ ఆరన్ బృందం దంపతుల చేతులూ కాళ్లూ ఒకరివి ఒకరికి కట్టి, ఒక దిండును నెట్టుకుంటూ పాకమంది. ఆ ఏడు నిమిషాల అవస్థ తర్వాత వాళ్లు తమ బంధం గురించి, మామూలు పని చేసినవారి కంటే సంతోషంగా మాట్లాడారు. ఇంట్లో దిండు నెట్టమని నేను చెప్పను. ఇద్దరికీ చేతకాని పని ఏదైనా ఒకటి ఎంచుకోండి, ఒకరు గురువు, ఒకరు శిష్యులు కాకుండా ఉండాలి. దీనికంటే నాకు ఎక్కువ నచ్చేది ఎలై ఫింకెల్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగం. 120 జంటలను రెండేళ్లు గమనించారు. రెండో ఏడాదిలో సగం జంటలను నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాల పాటు ఒక్క పని చేయమన్నారు: ఇటీవలి తమ తగవును, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి ఎలా చూస్తారో అలా చూసి రాయడం. ఏడాదికి మొత్తం 21 నిమిషాలు. మిగతావారి దాంపత్య సంతృప్తి తగ్గుతూ పోగా, వీరిది తగ్గడం ఆగింది. ఆ మూడో రోజు గురించి ఆయనతో మాట్లాడే ముందు మీరొక్కరే ఇలా ఏడు నిమిషాలు రాసుకోండి. అది ఎవరికీ చూపనక్కర్లేదు.

ఒక్కరు ప్రయత్నిస్తే చాలునా? మొదలుపెట్టడానికి చాలు, కొనసాగడానికి చాలదు. చక్రంలో ఒకరు తమ అడుగు మార్చితే రెండోవారు పాత అడుగే వేయడం కష్టమవుతుంది, అందుకే మొదలుపెట్టమంటున్నాను. అయినా దీనికి ఒక గడువు పెట్టుకోండి, ఆరు నెలలనుకుందాం. ఆ గడువులో ఆయన వైపు నుంచి ఒక్క ప్రశ్న కూడా తిరిగి రాకపోతే ఇద్దరూ కౌన్సెలర్‌ని కలవండి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. చికిత్స మంత్రం కాదు. తీవ్రమైన, దీర్ఘకాలిక ఇబ్బందుల్లో ఉన్న 134 జంటలకు క్రిస్టెన్‌సెన్ బృందం చికిత్స చేసి ఐదేళ్ల తర్వాత చూస్తే, దాదాపు సగం మంది చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డారు, దాదాపు పావు వంతు మంది విడిపోయారు. మీ పరిస్థితి వాళ్లంత తీవ్రంగా లేదు. విడిపోవడాన్ని కూడా నేను అరిష్టంగా చూడను. కొన్ని కాపురాలు నిజంగానే ముగుస్తాయి, వాటిని ముగియనివ్వడం ఇద్దరికీ మేలు. కానీ "అయిపోయినట్టేనా" అని మీరు అడుగుతున్నారు, అయిపోయిన వాళ్లు ఆ ప్రశ్న అడగరు.

నేను పైన చెప్పినదేదీ కొట్టడం, బెదిరించడం, పదేపదే అవమానించడం, డబ్బు అందకుండా చేసి గుప్పిట్లో పెట్టుకోవడం ఉన్న ఇంటికి వర్తించదు. అక్కడ మొదటి పని దగ్గరవడం కాదు, క్షేమంగా ఉండటం. మీ ఉత్తరంలో అలాంటివేవీ కనపడలేదు, ఇది చదివే మరొకరి కోసం రాస్తున్నాను.

చివరి ప్రశ్న: రాసింది ఆయనకు చూపించాలా? వద్దు. ఆ ఉత్తరం నాకోసం రాసింది, అందులో ఆయన నిందితుడు, నేను న్యాయమూర్తిని. దాన్ని చదివిన మనిషి తనను తాను సమర్థించుకోవడం తప్ప మరేమీ చేయలేడు. అందులోంచి ఒక్క వాక్యం తీసుకోండి, కుండలీకరణాలు తీసేయండి. మీ నడకలు నాలుగైదు వారాలు సాగాక, తిరిగి ఇంటివైపు మళ్లిన తర్వాత, "నాన్న పోయినప్పుడు మీరు మూడో రోజే వెళ్లిపోయారు, నాకు చాలా ఒంటరిగా అనిపించింది, మీకు ఆ రోజు ఎలా ఉందో నేనెప్పుడూ అడగలేదు" అని చెప్పండి. అక్కడితో ఆపండి. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఆ రాత్రి మళ్లీ అడగకండి. మర్నాడు సాయంత్రం ఆయన చెప్పులు తొడుక్కునేటప్పుడు మీరూ లేవండి.